పాలు మానేదాకా: మెబుయాన్ ఊరి కథ

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. మైకు వినపడుతోందా వెనకాల? సరే.

సెక్రటరీగారు ఫోన్ చేసి, "మీ సర్వీసు అనుభవాలు చెప్పండమ్మా, పిల్లలకి పనికొస్తాయి" అన్నారు. ముప్పై మూడేళ్లు పిల్లల వార్డులో చేశాను కాబట్టి చెప్పడానికి కొదవేం లేదు. కానీ నిన్న రాత్రి కాగితం ముందేసుకుని కూర్చుంటే అనుభవాలేవీ రాలేదు. ఈ మధ్య చదివిన ఒక కథే బుర్రలో తిరుగుతోంది. అందుకని ఆయన అనుమతి లేకుండానే టాపిక్ మార్చేశాను. (నవ్వులు) ఆయన ముందు వరసలోనే ఉన్నారు, ఇక లేపడం కుదరదు.

మా అక్క మనవరాలు ఫిలిప్పీన్స్‌లో, దావావ్ అనే ఊళ్లో డాక్టరు చదువు చదువుతోంది. మీ ఇళ్లలో కూడా ఎవరో ఒకరు అక్కడ ఉండే ఉంటారు. మన తెలుగు పిల్లలు ఆ ఊరికి ఎంతమంది వెళ్లారంటే, మిండనావ్ అనే దీవి పేరు తెలియనివాళ్లకి కూడా దావావ్ ఫీజులు తెలుసు. ఆ పిల్ల ఒకరోజు ఫోన్ చేసి, "చిన్నమ్మమ్మా, ఇక్కడి కొండజాతుల దేవత ఒకావిడ ఉందట, చనిపోయిన చంటిపిల్లలకి పాలిస్తుందట, మీ వార్డు గుర్తొచ్చింది" అంది. ఆమాట అని తను పరీక్షల్లో పడిపోయింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు మనుషుల గురించి రెండు మాటలు. మిండనావ్ ఫిలిప్పీన్స్‌లో దక్షిణాన ఉన్న పెద్ద దీవి. అక్కడి కొండల్లో, నదుల వెంట మనోబో అనే ప్రజలున్నారు. మనోబో అంటే వాళ్ల భాషలో 'మనిషి' అనే అర్థం. ఒకే జాతి కాదు, చాలా గుంపులు. అగుసాన్ నది వెంట ఉన్నవాళ్లు వేరు, మాటిగ్‌సాలుగ్ వేరు, అరుమనెన్ వేరు. దావావ్ పక్కనే ఆపో అనే అగ్నిపర్వతం ఉంది. 2,954 మీటర్లు, ఆ దేశంలో దానికంటే ఎత్తైన కొండ లేదు. దాని చుట్టూ బగోబోలు ఉంటారు. వాళ్లలో టగబావా అనే వర్గం మాట్లాడే భాష మనోబో భాషల కుటుంబంలోదే. కాబట్టి నేను చెప్పే కథ బగోబోలదైనా, మనోబోలకి దాయాదుల కథే అనుకోండి.

ఇంకో చిన్న సంగతి. వాళ్లు దేవతని ఏమంటారో తెలుసా? 'దివాతా' అంటారు. మన 'దేవత' మాటే సముద్రాలు దాటి అక్కడికి చేరింది. టగాలోగ్ అనే అక్కడి పెద్ద భాషలో ముఖాన్ని 'ముఖా' అంటారు, టీచర్ని 'గురో' అంటారు, ఆశని 'ఆసా' అంటారు. మాటలు వెళ్లాయి. యముడు మాత్రం వెళ్లలేదు. ఆ సంగతి తర్వాత.

ఇక కథ.

లుమబాట్ అని ఒకడున్నాడు. వాడికో చెల్లెలు. ఆ చెల్లెలికి పేరు లేదు. నేను మర్చిపోయాననుకునేరు, కథలోనే లేదు. అందరూ 'లుమబాట్ చెల్లెలు' అనేవాళ్లు, అంతే. లుమబాట్ ఆకాశానికి వెళ్లాలనుకున్నాడు. "నువ్వూ నాతో పైకి రావాలి" అన్నాడు. "నాకిష్టం లేదు, నేను రాను" అంది. మాటా మాటా పెరిగి ఇద్దరూ కొట్టుకున్నారు. ఆవిడ విసురుగా వెళ్లి వడ్లు దంచే పెద్ద రోటి మీద కూర్చుంది. "నేను కిందికి పోతున్నాను, భూమి కిందికి, గిమొకుడాన్‌కి" అంది.

గిమొకుడ్ అంటే వాళ్ల భాషలో ఆత్మ. గిమొకుడాన్ అంటే ఆత్మలుండే చోటు.

మనకి సామెత ఉంది కదా, రోట్లో తల పెట్టి రోకటి పోటుకి వెరుస్తామా అని. ఈవిడ తల కాదు, ఏకంగా మనిషే ఎక్కి కూర్చుంది. గిన్నెడు దంచిన బియ్యం తెచ్చి రోట్లో పోసింది. రోలు తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూ తిరుగుతూ భూమిలోకి దిగుతోంది. దిగుతూ ఆవిడ గుప్పిళ్లతో బియ్యం తీసి నేల మీద చల్లుతోంది. "చూడండి, ఈ బియ్యం ఎలా రాలుతోందో మనుషులూ అలాగే రాలతారు. వందలమంది కిందికే వస్తారు. పైకి ఒక్కరూ పోరు" అంది. రోలు అలా తిరుగుతూ, ఆవిడతో సహా భూమిలో కలిసిపోయింది.

ఇంకో మాట కూడా అంది. "కింద ఒక నిమ్మచెట్టు ఉంది. దాన్ని నేను ఊపుతాను. ఊపినప్పుడల్లా పైన ఒకరు పోతారు. పండు రాలితే ముసలివాళ్లు, పచ్చికాయ రాలితే చిన్నవాళ్లు" అని. ఇది ఇంగ్లీషులో చదివినప్పుడు ఫర్వాలేదు, బాగుంది అనుకున్నాను. మనసులో తెలుగులోకి తిప్పుకోగానే ఒళ్లు జలదరించింది. మనం తొంభై ఏళ్లాయన్ని ఏమంటాం? పండు ముసలి. పోతే ఏమంటాం? పండుటాకు రాలిపోయింది అంటాం. వాళ్ల చెట్టుకీ మన నుడికారానికీ చుట్టరికం ఏమీ లేదు. కాకపోతే చెట్టు కింద నిలబడిన మనిషికి ఎక్కడైనా కనపడేది ఒక్కటే కదా.

ఇంతవరకూ వింటే ఏమనిపిస్తోంది? కోపంతో శాపం పెట్టి వెళ్లిపోయిన ఆడమనిషి, మృత్యుదేవత, భయంకరి. నాకూ అలాగే అనిపించింది. కథ ఇక్కడే ఆగి ఉంటే నేనివాళ ఇక్కడికి వచ్చేదాన్ని కాదు.

కిందికి వెళ్లాక ఆవిడకి పేరు వచ్చింది. మెబుయాన్. పైన ఉన్నన్నాళ్లూ అన్న చెల్లెలు. కిందికి వెళ్లాకే తనకంటూ ఒక పేరు, పేరుతో పాటు ఒక ఊరు. బనువా మెబుయాన్, అంటే మెబుయాన్ ఊరు. దానికి ఆవిడే పెద్ద. గిమొకుడాన్‌కి వెళ్లే దారిలో ఉంటుంది ఆ ఊరు. చనిపోయిన ప్రతి ఆత్మా అక్కడ ఆగాల్సిందే. ఊరి మధ్యలో నల్లటి నది. ఆత్మలు ఆ నదిలో కీళ్లన్నీ కడుక్కోవాలి. మోచేతులు, మోకాళ్లు, మణికట్లు, తర్వాత నడినెత్తి. దీన్ని పమలుగు అంటారు. ఎందుకు కడుక్కోవాలి? పాపాలు పోవడానికా? కాదు. కొత్తచోట బెంగ పెట్టుకోకుండా, ఇది మన ఊరే అనిపించడానికి. లేకపోతే ఆత్మ వెనక్కి పారిపోయి శరీరంలో దూరుతుందట, శవం లేచి కూర్చుంటుందట.

నేను నర్సుని కాబట్టి దీన్ని నా పద్ధతిలో చదువుకున్నాను. కొత్త పేషెంటు వచ్చినప్పుడు మేం ముందు చేసేది ఏంటి? ఒళ్లు తుడిచి, బట్ట మార్చి, మంచం చూపించడం. అది చేస్తే సగం భయం పోతుంది. చెయ్యకపోతే రాత్రికి రాత్రి చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లుంటారు. (నవ్వులు) నిజమండీ, ఎన్నిసార్లు గేటు దాకా పరిగెత్తానో.

పెద్దవాళ్లు కడుక్కుని ముందుకి వెళ్లిపోతారు. ఎవరు వెళ్లలేరు? పాలు తాగే పిల్లలు. గిమొకుడాన్‌లో తిండి అన్నం. చంటిపిల్లకి అన్నం పెడితే ఏం తింటుంది? అందుకని వాళ్లు ముందుకు వెళ్లరు, మెబుయాన్ దగ్గరే ఉండిపోతారు. ఆవిడ ఒళ్లంతా చనుమొనలే. చేతులు, భుజాలు, వీపు, అంతా. ఎంతమంది పిల్లలొచ్చినా పాలిస్తుంది. పాలు మానేదాకా తన దగ్గరే పెట్టుకుంటుంది. మానాక, గిమొకుడాన్‌లో ఉన్న వాళ్ల సొంతవాళ్ల దగ్గరికి పంపిస్తుంది. అక్కడ అన్నం దొరుకుతుంది, హాయిగా ఉంటారు.

కథ ఇంతే. పేజీన్నర.

(కొద్దిసేపు ఆగారు)

ఒక విషయం చెప్తాను, ఆసుపత్రి పేరు అడక్కండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఐదు రోజుల బిడ్డ పోయింది. నెలలు నిండకుండా పుట్టింది. అప్పట్లో బిడ్డల్ని వెచ్చగా ఉంచే వార్మర్ ఒకటే ఉండేది, దాన్ని ముగ్గురు బిడ్డలకి వంతులేసేవాళ్లం. తల్లికి పందొమ్మిదేళ్లు. ఏడవలేదు. ఆ తర్వాత ఆ అమ్మాయికి పాలు దిగాయి. బిడ్డ లేదు కదా, ఇక రానక్కర్లేదని ఒంటికి ఎవరు చెప్తారు? రెండువైపులా రాయిలా గట్టిపడిపోయి జ్వరం. గుడ్డతో బిగించి కట్టేవాళ్లం, అప్పటి పద్ధతి అది. కడుతుంటే జాకెట్టు తడిసిపోతోంది. అప్పుడు అడిగింది. "సిస్టర్, వాడికి అక్కడ పాలెవరిస్తారు?"

నేనేం చెప్పానో తెలుసా? "అలాంటివి ఆలోచించకూడదమ్మా" అన్నాను. ట్రైనింగులో నేర్పింది అదే.

మన దగ్గర చాలా ఇళ్లలో చంటిపిల్లలు పోతే దహనం చెయ్యరు, పాతిపెడతారు. వాళ్లకి పాపం అంటదు, నేరుగా దేవుడి దగ్గరికి పోతారంటారు. మంచిమాటే. కానీ ఆ అమ్మాయి అడిగింది పాపం గురించి కాదు. స్వర్గం గురించీ కాదు. పాల గురించి. ఆ ప్రశ్నని ప్రశ్నగా తీసుకుని, కూర్చుని ఆలోచించి, ఒక దేవత ఒళ్లంతా పాలతో నింపి జవాబు చెప్పినవాళ్లు నాకు ఈ కొండజాతి ముసలమ్మలే కనపడ్డారు. ముసలమ్మలు అని ఎందుకంటున్నానంటే, ఈ కథ మగవాడు అల్లి ఉంటాడంటే నేను నమ్మను. (చప్పట్లు) వద్దొద్దు, ఆ మాటకి సాక్ష్యం లేదు, అది నా మొండితనం.

ఒక్క లెక్క చెప్పి ముందుకెళ్తాను. మన దేశంలో 1971లో ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. 2020 నాటికి అది 28కి వచ్చింది. నూటికి పదమూడు మందంటే ఊహించుకోండి. ప్రతి ఇంటి వెనకా ఒక చిన్న గుంత. మా అమ్మమ్మ తన పిల్లల లెక్క చెప్పేటప్పుడు "తొమ్మిదిమంది, మిగిలింది ఐదుగురు" అనేది, ధాన్యం లెక్క చెప్పినట్టు. ఆ రోజుల్లో, ఆస్పత్రీ లేని కొండల్లో, ఇలాంటి దేవత వాళ్లకి తీరిక దొరికినప్పుడు చెప్పుకునే కథ కాదు.

ఇప్పుడు అన్నగారి సంగతి చూద్దాం. లుమబాట్ ఆకాశానికి వెళ్లాడు కదా. దారిలో ఆకాశం అంచు ఉంటుంది. అది దవడల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుందట. తెరుచుకున్న క్షణం చూసి వీడు లోపలికి దూకేశాడు. పైన దివాతా అన్నాడు, "నువ్విక్కడ ఉండాలంటే నీ పేగులు తీసెయ్యాలి" అని. మొదట ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నాడు. పేగులు తీసేశారు. ఇక ఆకలి ఉండదు.

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అన్నయ్య ఉన్న లోకంలో ఆకలి సమస్యకి పరిష్కారం పేగులు కోసెయ్యడం. చెల్లెలున్న లోకంలో పరిష్కారం పాలివ్వడం, అన్నం పెట్టడం. "నాకిష్టం లేదు, పైకి రాను" అని ఆవిడ ఎందుకందో కథ చెప్పదు. నాకైతే కారణం ఇక్కడే కనపడింది. ఆకలే లేని లోకంలో ఈవిడకేం పని?

ఆవిడ ఎక్కిన రోలు సంగతి కూడా చెప్పాలి. బగోబోల సృష్టికథలో తుగ్లే, తుగ్లిబుంగ్ అని ఒక ముసలి జంట ఉంటారు. అప్పట్లో ఆకాశం బాగా కిందికి, నెత్తి మీదికి వేలాడుతూ ఉండేది. ముసలమ్మ వడ్లు దంచుదామని రోకలి ఎత్తితే ఆకాశానికి తగిలేది, పూర్తిగా ఎత్తడం కుదరదు. విసుగొచ్చి, "కాస్త పైకి పో" అని ఆకాశాన్ని కసిరింది. అది పోయింది, ఇప్పుడున్నంత పైకి. అంటే ఒక ఆడమనిషి రోటి దగ్గర నిలబడి ఆకాశాన్ని పైకి పంపింది. ఇంకో ఆడమనిషి రోటి మీద కూర్చుని భూమి కిందికి దిగింది. పైలోకానికీ కిందిలోకానికీ మధ్య కొలత వడ్లు దంచే రోలు. వాళ్లది మన రాతి రోలు కాదు, చెట్టు మానుని తొలిచి చేసింది. చిన్నప్పుడు మా ఇంట్లో వేసవి మధ్యాహ్నాలు దంపుడు జరుగుతుంటే రోకలి పడ్డప్పుడల్లా నేల అదిరి, పక్కన పడుకున్న నా చెవికి ధన్ ధన్ మని కిందనుంచి వినపడేది. నేల కింద కూడా ఎవరో దంచుతున్నారనుకునేదాన్ని. అందుకేనేమో ఈ రోలు నాకు బాగా పట్టుకుంది.

గిమొకుడాన్‌లో ఏముంటుంది? నరకం లేదు. నూనె మూకుళ్లు లేవు. చిత్రగుప్తుడి చిట్టా లేదు. ఇక్కడి జీవితమే, తలకిందులుగా. వాళ్లకి రాత్రే పగలు. చీకటి పడగానే ఆత్మలు లేచి తిరుగుతాయి, ఆడతాయి. తెల్లవారబోతుంటే ప్రతి ఆత్మా ఒక పెద్ద ఆకు కోసి, దొన్నెలా చేసుకుని, అందులో నీళ్లయిపోతుంది. పగలంతా ఆకులో నీళ్లు. మళ్లీ చీకటి పడితే మనిషి. ఇది చదివాక మా పెరట్లో పొద్దున్నే చేమాకు మీద నీళ్లు పారబోయడానికి చెయ్యి రావడం లేదంటే నమ్మండి.

అలాగని ఇదంతా మెత్తటి వ్యవహారం అనుకోకండి. కత్తిపోటుకో బల్లెం పోటుకో చచ్చినవాళ్లకి వేరే చోటు ఉంది, కగ్‌బునోవాన్ అని. అక్కడ మొక్కలు కూడా నెత్తురు రంగులో ఉంటాయి. ఒంటి మీద గాయాలు మానవు. పైన ఆపో కొండలో మందరంగన్ అనే యుద్ధదేవుడు ఉంటాడు, ఆయనకి నరబలులిచ్చిన రోజులున్నాయి. ఇంకో లెక్క ఉంది. మనిషికి ఆత్మలు రెండు. కుడిపక్కది బుద్ధిమంతురాలు, చనిపోయాక గిమొకుడాన్‌కి వెళ్తుంది. ఎడమపక్కది తిరుగుబోతు. మనం నిద్రపోతుంటే అది బయటికి పోయి తిరుగుతుంది, అవే కలలు. చనిపోయాక అది దెయ్యమై సమాధుల దగ్గర తచ్చాడుతుంది. అంటే మంచివాడు స్వర్గానికి, చెడ్డవాడు నరకానికి కాదు. ప్రతివాడిలోనూ సగం ఇంటికి వెళ్తుంది, సగం దెయ్యం అవుతుంది. ముప్పై మూడేళ్లు మనుషుల్ని అటెండెంట్లుగా చూసినదాన్ని, ఈ లెక్క నాకు సబబుగానే ఉంది. (నవ్వులు)

మనోబోలలో, ముఖ్యంగా అగుసాన్ నది పక్కనున్నవాళ్లలో, పాతాళానికి రాణి పేరు ఇబు. భూమి కింద స్తంభాలున్నాయి, ఆ స్తంభాలకి కింద ఇబు ఉంటుంది. అక్కడికి వెళ్లాలంటే ఎర్రటి పెద్ద నది దాటాలి. దాటించే పడవవాడి పేరు మందుయాపిట్. మనకి వైతరణి ఉంది కదా, దాటడానికి గోదానం కావాలి, ఆవు తోక పట్టుకోవాలి. అది లేనివాడి గతేమిటని నేను చిన్నప్పుడు అడిగితే మా నాన్నకి కోపం వచ్చింది. మనోబోల్లో మనిషి పోయాక బతికున్నవాళ్లు చివరి విందు చేస్తారు, కతపుసాన్ అంటారు. ఆ విందు అయ్యేదాకా ఆత్మ ఇంటి చుట్టుపక్కలే తిరుగుతుంది, అయ్యాక ఇబు దగ్గరికి పూర్తిగా వెళ్లిపోతుంది. దినవారాలు చేసిన ఇంట్లో ఎవరికీ దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

అదే స్తంభాల దగ్గర ఇంకో ఆవిడ ఉంది, దాగవ్. పక్కన కొండచిలువ. ఆవిడకి మనిషి నెత్తురు చూస్తే గిట్టదు. పైన భూమి మీద నెత్తురు చిందితే కొండచిలువని ఉసిగొల్పుతుంది. అది స్తంభాలకి చుట్టుకుని ఊపుతుంది. అదే భూకంపం. ఇంకా కోపమొస్తే గాదెల్లో వడ్లు తగ్గించేస్తుంది, పొలం పండకుండా చేస్తుంది. 2019 అక్టోబరులో ఆ ప్రాంతంలోనే, కొటబాటో ప్రావిన్సులో, రెండు వారాల వ్యవధిలో తీవ్రత ఆరు దాటిన భూకంపాలు మూడు వచ్చాయి. మా పిల్ల అప్పటికి అక్కడ చేరలేదు కాబట్టి బతికిపోయాం. లేకపోతే మా అక్క బీపీ ఏమయ్యేదో. పైన యుద్ధదేవుళ్లు నెత్తురు తాగుతారు, కింద ఆడదేవత నెత్తురు చూస్తే భూమిని ఊపుతుంది. ఒకే నమ్మకంలో రెండూ ఉన్నాయి. దాన్ని సరిచేసి చక్కగా సర్దాలని నాకు లేదు.

పాతాళం మీద వాళ్లకి ఇంకో మంచి కథ ఉంది. తువాంగ్ అనే వీరుడు పెళ్లికి వెళ్తే అక్కడ గొడవై, పెళ్లికొడుకు ఇతన్ని నేలకేసి కొడతాడు. ఎంత గట్టిగా అంటే తువాంగ్ భూమిని చీల్చుకుని పాతాళంలో పడతాడు. అక్కడి దేవుడు తుహవా శత్రువు ప్రాణం ఎక్కడుందో రహస్యం చెప్తాడు. బంగారు వేణువులో! మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టే. కింద పడ్డవాడికి సలహా చెప్పి పైకి పంపించే పాతాళం అది. పాటగా పాడుకునే ఈ కథని 1950ల్లో ఆర్సెనియో మాన్యుయెల్ అనే ఫిలిప్పీన్స్ పండితుడు విని రాసుకున్నారు.

ఇవన్నీ మన చేతికి ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. 1904లో అమెరికాలో, సెయింట్ లూయిస్‌లో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. ఫిలిప్పీన్స్ అప్పటికి వాళ్ల చేతికొచ్చి ఆరేళ్లు. అక్కడి కొండజాతుల మనుషుల్ని తీసుకొచ్చి, ఆవుల్నీ యంత్రాల్నీ పెట్టినట్టు ప్రదర్శనకి పెట్టారు. వాళ్లలో బగోబోలున్నారు. వాళ్లని అక్కడ చూసిన లారా వాట్సన్ బెనెడిక్ట్ అనే ఆవిడ తర్వాత దావావ్ దగ్గరికి వెళ్లి, ఒంటరిగా ఉండి, ఈ కథలు రాసుకుంది. 1913లో అచ్చువేసింది. ఆవిడ సేకరించిన బట్టలూ పూసలూ కత్తులూ ఇప్పటికీ న్యూయార్కులో సహజ చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. ఇబు గురించీ దాగవ్ గురించీ రాసినాయన జాన్ గార్వన్, ఆయన పుస్తకం 1931లో వచ్చింది.

బెనెడిక్ట్‌గారి ఋణం నాకు ఉంది. కానీ ఒక్క వాక్యం దగ్గర నాకు ఆవిడతో పేచీ. "మెబుయాన్ చూడ్డానికి వికారంగా ఉంటుంది, ఎందుకంటే ఒళ్లంతా చనుమొనలే" అని ఉంటుంది. ఆ మాట చెప్పినవాళ్లదా, రాసినావిడదా? ఎవరిదైనా సరే, నాకు కోపం వచ్చింది. గ్రీకుల వైపు ఎఫెసస్ అనే ఊళ్లో ఆర్టెమిస్ దేవత విగ్రహాలకి రొమ్ము నిండా అలాంటి గుండ్రాలే ఉంటాయి, వాటిని కళాఖండాలంటారు, టిక్కెట్టు కొని చూస్తారు. వార్డులో కవలపిల్లల తల్లి రెండు చేతుల్లో ఇద్దర్నీ పట్టుకుని, మూడో మంచం మీద బిడ్డ ఏడుస్తుంటే "అక్కా, ఆ తల్లికి పాలు పడలేదు, ఇలా ఇవ్వండి" అన్నప్పుడు నేను చూశాను మెబుయాన్‌ని. ఆవిడ వికారంగా లేదు. జుట్టు మాత్రం దువ్వుకోలేదు.

ఇప్పుడు అక్కడ చాలామంది క్రైస్తవులయ్యారు. నేను చెప్పింది నూరేళ్ల కిందట రాసిపెట్టిన మాట, ఇవాళ దావావ్ వెళ్లి ఎవర్నైనా ఆపి అడిగితే ఇలాగే చెప్తారని కాదు. మా పిల్లకి కూడా కథ చెప్పింది కొండ మీద ముసలమ్మ కాదు, హాస్టల్లో రూమ్మేట్. నా మాటలు అయిపోయాయి. టీ ఇంకా రాలేదు కాబట్టి ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దాయన: అమ్మా, పాపపుణ్యాలు లేకపోతే మనిషికి భయం ఎలా ఉంటుందండీ?)

బాగా అడిగారు బాబాయిగారూ. భయం లేదని కాదు. నెత్తురు చిందిస్తే భూమి ఊగుతుంది, గాదె ఖాళీ అవుతుంది అన్నారు కదా. అంటే శిక్ష చచ్చాక కాదు, ఇక్కడే, అదీ ఊరందరికీ కలిపి. మీ పక్కింటాయన చేసిన పనికి మీ వడ్లు తగ్గుతాయి. అప్పుడు పక్కింటాయన్ని మీరే ఆపుతారు. (నవ్వులు)

(ఒక విద్యార్థిని: మేడమ్, చెట్టు ఊపి పిల్లల్ని చంపేదీ ఆవిడే, పాలిచ్చేదీ ఆవిడే. ఇదేంటి మేడమ్?)

ఇదే నేనూ మా మనవరాల్ని అడిగాను. తను, "చిన్నమ్మమ్మా, అవి రెండూ వేర్వేరు ముసలమ్మలు చెప్పిన కథలై ఉంటాయి, కలిపేసి ఉంటారు" అంది. కావచ్చు. నేనింకోలా అనుకుంటున్నాను. కాయ రాల్చినావిడకే దాన్ని దోసిట్లో పట్టుకునే బాధ్యత పెట్టారు. వేరేవాళ్ల మీదకి తొయ్యలేదు. నీకు నచ్చకపోతే నచ్చలేదని చెప్పు తల్లీ, తప్పులేదు. నాకూ ఆ పచ్చికాయ దగ్గర ఇప్పటికీ నచ్చదు.

(వెనక వరసలో ఒకామె: పాలు మానాక వాళ్ల సొంతవాళ్ల దగ్గరికి పంపిస్తుందన్నారు కదండీ. మరి వాళ్లమ్మ ఇంకా బతికే ఉంటేనో?)

ఆ... కథలో 'వాళ్ల కుటుంబం దగ్గరికి' అనే ఉందమ్మా. అమ్మ దగ్గరికి అని లేదు. ముందు వెళ్లినవాళ్లుంటారు కదా. తాతలుంటారు, నాయనమ్మలుంటారు, మేనత్తలుంటారు. అన్నం మెత్తగా కలిపి పెట్టడానికి అమ్మే ఉండక్కర్లేదు. మన ఇళ్లలో మాత్రం ఎవరు పెడుతున్నారు? అమ్మ పొలం నుంచి వచ్చేదాకా నాయనమ్మే పెట్టేది. ఇదీ అలాగే. వాళ్లమ్మ తన పనులన్నీ చూసుకుని, తన టైముకి తను వస్తుంది. తొందరేం లేదు.